కర్త ఎక్కడరా?

మా మేష్టారు చనిపోయిన మూడోనాడు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. సింగిల్ కాలమ్. ఫొటో లేదు. సీనియర్ పాత్రికేయుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు అనారోగ్యంతో కన్నుమూశారని, రెండు రంగాలకూ ఆయన చేసిన సేవలు మరువలేనివని, కులమతాలకు అతీతంగా అందరివాడుగా పేరు తెచ్చుకున్నారని, ఆయన మృతికి పలువురు సంతాపం తెలిపారని. అంతే. నేను స్కేలు పెట్టి కొలిచాను. ఐదు సెంటీమీటర్లు. ఎందుకు కొలిచానో తర్వాత చెప్తాను.

అందరివాడంట! ఈ మాట కనిపెట్టినవాడెవడో గాని మహా తెలివైనవాడు. బతికున్నంతకాలం ఊరి బయట నిలబెట్టిన మనిషిని చచ్చాక అందరివాణ్ణి చేసేస్తే ఇక ఎవరూ దేనికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడినవాడికీ ఆయనవాడే. ఆయన మీద అర్జీ పెట్టినవాడికీ ఆయనవాడే.

మండల కేంద్రంలో సంతాపసభ పెట్టారు. నేనూ పోయాను. వేదిక మీద రైసుమిల్లు యజమాని ఒకాయన, మాజీ ప్రజాప్రతినిధి ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, ఇద్దరు విలేకరులు, ఒక కవి. మా పల్లెవాళ్లు వెనక మూడు వరసల్లో కూర్చున్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు గదా! వేదిక మీదాయన ఒకరు లేచి, 'ఆయనలో నాకు నచ్చిన గుణం ఏమంటే ఏనాడూ కులం మాట ఎత్తలేదు' అన్నాడు. వెనక వరసల్లో మా వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

మా మేష్టారు ముప్పయ్యేళ్లపాటు కులం మాట తప్ప ఇంకో మాట ఎత్తలేదు. పొద్దున బడిలో కులం. సాయంత్రం వార్తలో కులం. ఆదివారం చర్చి వరండాలో కులం. మీరు వినలేదు, అది మీ ఇష్టం. కాని ఆయన మాట్లాడలేదనడం అబద్ధం. ఆయన శవం మట్టిలోకి దిగి పదిరోజులు కాకముందే ఆ నోట్లోంచి మాట కూడా లాగేసుకుంటారా?

ఇంకో పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ, 'అంత ప్రతిభ ఉండీ మండల విలేకరిగానే మిగిలిపోయారు' అన్నాడు. మిగిలిపోయారు! మేష్టారే గనక ఆ సభలో ఉంటే వెనక వరసలోంచి లేచి ఒక్కటే అడిగుండేవాడు. కర్త ఎక్కడండీ?

కర్త, కర్మ, క్రియ. తెలుగు బడిలో చదువుకున్న ప్రతివాడూ ఈ మూడూ బట్టీ పట్టినవాడే. రాముడు రావణుని చంపెను. రాముడు కర్త, రావణుడు కర్మ, చంపెను క్రియ. మా మేష్టారు ఈ ఉదాహరణ చెప్పేవాడు కాదు. 1978లో నన్ను బళ్లో వేశారు. పేరుకి పంచాయతీ సమితి బడి, నడిచేది మా మాదిగపల్లెలో చర్చి వరండాలో. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి నల్లరంగు పూసిన ముక్క. దానిమీద ఆయన రాసిన వాక్యం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. 'ఆసామి పాలేరుకు కూలి ఎగ్గొట్టెను.' కర్త ఎవర్రా? ఆసామి సార్. ఎగ్గొట్టింది ఏందిరా? కూలి సార్. ఎవరికి? ఈ ప్రశ్నకి వరండా అంతా నిశ్శబ్దం. ఎందుకంటే అక్కడున్న ముప్పైమందిలో పాతికమందిమి పాలేర్ల పిల్లలం. మా నాన్న పేరు చెప్పమన్నట్టే ఉండేది.

కర్తరి, కర్మణి ప్రయోగాలు వచ్చేసరికి ఆయనకి పూనకం వచ్చేది. రావణుడు రాముని చేత చంపబడెను. ఇది గ్రాంథికం, ఇలా ఎవరూ మాట్లాడర్రా, అయినా ఇందులో నిజాయితీ ఉంది, చంపినవాడి పేరు ఉంది అనేవాడు. తర్వాత పేపరు తీసి చదివించేవాడు. 'వ్యవసాయ కూలీ చంపబడ్డాడు.' 'గుడిసెలు దగ్ధమయ్యాయి.' 'దాడి జరిగింది.' ఎవరి చేతరా? 'చేత' ఏమైపోయింది? చేత అంటే చెయ్యేరా. చెయ్యి దాచేశారు. గుడిసెలు వాటంతటవి దగ్ధమవుతాయంట్రా? మన గుడిసెలకి అంత తెలివుంటే వానాకాలం వాటంతటవే కప్పేసుకోవా?

మేం నవ్వేవాళ్లం. అప్పుడు మాకది నవ్వులాట.

ఆ పేపరు రావడమే ఒక కథ. చందా ఆయనే కట్టేవాడు, జీతం డబ్బుల్లోంచి. పేపరు వేసే కుర్రాడు పల్లెలోకి వచ్చేవాడు కాదు. ఊళ్లో కిళ్లీకొట్లో పడేసి పోయేవాడు. మాలో ఎవడో ఒకడు మధ్యాహ్నం పోయి తెచ్చేసరికి నలుగురూ చదివి, అట్ల నూనె మరకలు పడి, సినిమా పేజీ లేకుండా ఉండేది. డబ్బు మాది, మొదటి చూపు ఊరిది. సాయంత్రం కూలికి పోయినవాళ్లు వచ్చాక లాంతరు పెట్టి మాలో ఒకడిచేత గట్టిగా చదివించేవాడు. ఒక్కో వార్త అవ్వగానే అదే ప్రశ్న. చదువురాని ముసలమ్మలు కూడా కొన్నాళ్లకి 'కరత యాడరా' అనడం నేర్చారు. తెలుగు వ్యాకరణం మా ఇళ్లలోకి అలా వచ్చింది. అక్షరం కంటే ముందు.

1985 జూలై 17. కారంచేడు. నాకు పదమూడేళ్లు. మా ఊరి నుంచి చీరాల బస్సు దూరం. కబురు పేపరు కంటే ముందు వచ్చింది. మేష్టారు బడికి సెలవు చీటీ పెట్టి చీరాల శిబిరానికి పోయాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చాడు, గడ్డం మాసిపోయి. ఆ నాలుగు రోజుల పేపర్లూ మేం దాచిపెట్టాం. మా చేతికొచ్చిన మొదటిరోజు పేపర్లో ఉన్న మాట 'ఘర్షణ'. ఆయన ఆ మాటని బోర్డు మీద రాశాడు. ఘర్షణ అంటే రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకోవడం, సైన్సు పాఠంలో చదివారు గదా అన్నాడు. ఇక్కడ ఆరుగురు చచ్చారు, ఆరుగురూ మాదిగలే. ఆడపిల్లల్ని చెరిచారు. చెయ్యి ఒక వైపే లేచింది. దీన్ని ఘర్షణ అన్నవాడికి సైన్సూ రాదు, తెలుగూ రాదు. ఆ చెయ్యి కమ్మ భూస్వాములదని బోర్డు మీద రాశాడు. ఊళ్లో కాదు గాని పల్లెలో కూడా ఆ రోజుల్లో ఆ మాట రాయడానికి గుండె కావాలి.

తర్వాత మమ్మల్ని ఒక వాక్యం రాయమన్నాడు. మంచినీళ్ల చెరువు దగ్గర కుడితి బాల్చీ కడగొద్దన్నందుకు చెర్నాకోల లేచినపుడు బిందె ఎత్తింది మున్నంగి సువార్త. మాదిగామె. ఆమె కర్తగా వాక్యం రాయండర్రా అన్నాడు. 'సువార్త బిందె ఎత్తెను.' నలభై పలకల మీద అదే వాక్యం. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా నేను చదివిన వాచకాల్లో మా కులపు ఆడమనిషి కర్తగా ఒక్క వాక్యం లేదు. ఆ రోజు మొదటిది రాశాను. ఇప్పటికీ నేను రాసిన మంచి వాక్యం ఏదంటే అదే.

ఆ సాయంత్రం మా అమ్మ పొగాకు గ్రేడింగునుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా కూర్చుని పేపరు విన్నది. చచ్చినవాళ్ల పేర్లు చదువుతుంటే ఒక్కమాటంది. 'మన పేర్లు పేపర్లో పడాలంటే చావాల్నంట్రా అయ్యా?' మేష్టారు జవాబు చెప్పలేదు. ఆ రాత్రే అనుకుంటా ఆయన ఒక నిర్ణయానికి వచ్చింది. అంతకుముందు రెండుమూడేళ్లుగా అడపాదడపా పత్రికకి వార్తలు పంపుతుండేవాడు. తుఫాను, వరి తెగులు, తిరునాళ్ల, ఇలాంటివి. కారంచేడు తర్వాత ఆయన వార్తల్లో తెగులు తగ్గి మనుషులు పెరిగారు.

ఇక్కడ ఒక మాట. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ఇప్పటికీ పేపర్లో 'ఒక వర్గం', 'మరో వర్గం', 'ఇరువర్గాలు' అనే మాటలు చూస్తుంటారు. మా కులాన్ని పత్రికలు వర్గం అన్నాయి. విచిత్రం, కామ్రేడ్లు కూడా వర్గమే అన్నారు. వాళ్ల వర్గం వేరు, వీళ్ల వర్గం వేరు, కాని రెండు వర్గాల కిందా నలిగి మాయమైపోయింది కులమే. మా మండలంలో ఎర్రజెండా సంఘం నాయకుడు ఒకాయన మేష్టారితో, 'మీరు కూలీల సమస్యని కుల సమస్యగా కుదిస్తున్నారు' అన్నాడు. 'మీ ఇంట్లో నేను మంచినీళ్లు తాగే గ్లాసు ఎక్కడ పెడతారో అది కుదింపా, విస్తరణా చెప్పండి' అన్నాడు మేష్టారు. ఆ నాయకుడు నిజాయితీపరుడే, కూలిరేట్ల కోసం లాఠీదెబ్బలు తిన్నాడు, కాదనను. కాని ఆ గ్లాసు ఉన్నచోటే ఉంది. పసుల కొట్టం చూరులో.

విలేకరి పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. తెల్లకాగితాన్ని సగానికి చించి ఒకవైపే రాయాలి. రాసినదాన్ని కవర్లో పెట్టి పైన 'ప్రెస్ - అర్జంటు' అని రాసి సాయంత్రం బస్సుకి ఇవ్వాలి. బస్సు పట్నం చేరాక పత్రికవాళ్లు వచ్చి తీసుకుంటారు. బస్సు తప్పితే వార్త చచ్చినట్టే. మేష్టారు బడి అవ్వగానే సైకిలు మీద రోడ్డుకు పరిగెత్తేవాడు. కవరు ఇచ్చే చెయ్యి ఏ కులపుదని కండక్టరు ఎప్పుడూ అడగలేదు. ఆ మాటకొస్తే మా మండలం మొత్తంలో ఆర్టీసీ బస్సు ఒక్కటే కాస్త ప్రజాస్వామికమైన చోటు.

డబ్బులు? అచ్చయిన వార్తలు కత్తిరించి, కాగితం మీద అంటించి నెలాఖర్న పంపితే స్కేలుతో కొలిచి సెంటీమీటరుకింత అని ఇచ్చేవాళ్లు. అందుకే ఆయన చావు వార్త కొలిచాను. జీవితమంతా ఆయన్ని స్కేలుతో కొలిచారు. సర్కారు ఉద్యోగి కాబట్టి పేరు వేసుకోవడానికి లేదు. వార్త కింద పేరుండదు, ఫొటో ఉండదు. కొలత ఒక్కటే ఉంటుంది.

పైగా ప్రకటనలు తేవాలి. సంక్రాంతికి, ఉగాదికి, పత్రిక పుట్టినరోజుకి. ప్రకటన ఇచ్చేది ఎవడు? రైసుమిల్లువాడు, సారా కాంట్రాక్టరు, ఎరువుల కొట్టువాడు, ప్రెసిడెంటు. పక్క మండలం విలేకరి వాళ్లింట్లో కాఫీ తాగి, వరసలు కలిపి, 'బాబాయ్ ఓ క్వార్టర్ పేజీ' అంటే పనైపోయేది. మా మేష్టారు గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడాలి. పోయిన నెల అదే ఇంటివాడు కూలీని కొట్టాడని రాసినవాడు, ఈ నెల అతన్నే ప్రకటన అడగాలి. టార్గెట్ అందుకోలేకపోతున్నాడని పత్రిక రెండుసార్లు ఆయన్ని తప్పించింది, మనిషి దొరక్క మళ్లీ తీసుకుంది. 'మిగిలిపోయారు' అన్నాడు గదా ఆ పెద్దమనిషి! సభకి షామియానా ఇచ్చింది ఆయనే. ప్రకటన అడిగితే వీధిలో నిలబెట్టిందీ ఆయనే.

ఆయన మీద అర్జీలు కూడా పడ్డాయి. పాఠాలు చెప్పకుండా వార్తలు రాసుకుంటున్నాడని. విచారణ, ఆ తర్వాత బదిలీ, రోజుకి ఇరవై రెండు కిలోమీటర్ల సైకిలు. అదే మండలంలో చిట్టీలు నడిపే పంతుళ్లున్నారు, ఎల్లైసీ పాలసీలు కట్టించే పంతుళ్లున్నారు, భార్య పేరు మీద ఎరువుల కొట్టు పెట్టుకున్న పంతుళ్లున్నారు. వాళ్ల మీద అర్జీ లేదు. నిబంధన తప్పేమీ కాదు, నేననేది నిబంధన ఎవరింటి తలుపు తడుతుందనే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది రాయకుండా తప్పించుకుందామని వారంరోజులు చూశాను.

1997లో నేను ఆయన వార్తలు రాసే పత్రికలోనే జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్ని. తెలుగు బాగా రాస్తానని ఉద్యోగం ఇచ్చారు. ఆ తెలుగు ఎవరిదో మీకు తెలుసు. డెస్కులో నా కులం నేను చెప్పలేదు. వాళ్లూ అడగలేదు, అంటే సూటిగా అడగలేదు. మీ ఇల్లు ఊళ్లో ఏ వైపండీ? మీ ఇంటిపేరు మా వాళ్లలో కూడా ఉందే! ఆదివారం నాన్‌వెజ్జా, ఏ నాన్‌వెజ్? ఇలా. ఒక రాత్రి తొమ్మిదింటికి మా మండలం కవరు వచ్చింది. దస్తూరి చూడగానే గుర్తుపట్టాను. పక్క ఊళ్లో టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి. దళితులకి బయట చువ్వకి తగిలించిన గ్లాసులు, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. కాలేజీలో చదివే మాదిగ కుర్రాడు లోపలి గ్లాసులో టీ అడిగాడు. కమ్మ మోతుబరుల పిల్లలు కొట్టారు. పోలీసు రిపోర్టు ఇస్తే పల్లె మొత్తాన్ని బహిష్కరించారు. కూలి లేదు, కిరాణా లేదు, కాలవకి పోయే దారి లేదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టకుండా మామూలు కొట్లాట కేసు కట్టారని కూడా రాశాడు. ప్రతి వాక్యానికీ కర్త ఉంది. పేరుతో సహా.

ఇన్‌ఛార్జి నా భుజం మీంచి చూసి, 'కులాల పేర్లెందుకు బాబూ, సెన్సిటివ్. ఇరువర్గాల వివాదం అని ఇచ్చెయ్' అన్నాడు. అంతే అన్నాడు. బెదిరించలేదు. వాదిస్తే ఏమయ్యేదో తెలియదు, నేను వాదించలేదు. ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది. ఆయన చెప్పకపోయినా ఆ పేర్లు నేనే కొట్టేసేవాణ్ణేమో. ఎందుకంటే మాదిగ అనే మాట మీద నేను ఎక్కువసేపు చెయ్యి ఆపితే పక్కవాడు నా ముఖం చూస్తాడని భయం. 'టీకొట్టు వద్ద ఇరువర్గాల వివాదం.' హెడ్డింగు కూడా నేనే పెట్టాను. పద్నాలుగు సెంటీమీటర్లు రావాల్సిన వార్త ఆరయింది. నేను కోసింది వార్తను మాత్రమే కాదు, ఆయన కూలిలోంచి ఎనిమిది సెంటీమీటర్లు.

తర్వాతి ఆదివారం ఊరికి పోయి ఆయన్ని కలిశాను. టీ ఇచ్చారు. వానల గురించి, మా చెల్లి పెళ్లి గురించి మాట్లాడాడు. ఆ వార్త ఊసెత్తలేదు. తిడితే బాగుండేది. చిన్నప్పుడు అక్షరం తప్పు రాస్తే వేళ్ల కణుపుల మీద కొట్టినవాడు, అది వేరే సంగతి, ఆ దెబ్బల్ని నేనిప్పటికీ సమర్థించను, కాని ఆ ఆదివారం ఆ బెత్తం కోసం చెయ్యి చాపుదామనిపించింది.

నా ఒక్కడి పిరికితనం అని సరిపెట్టుకోవచ్చు. అలా సరిపెట్టుకోకండి. డెస్కులో నేను ఒంటరివాణ్ణి ఎందుకయ్యానో కూడా అడగండి. ఆ ముందు సంవత్సరమే, 1996 నవంబరులో, బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో 'పయనీర్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఒక విదేశీ విలేకరి దళిత జర్నలిస్టుతో మాట్లాడాలని అడిగితే ఈయన వెతకడం మొదలుపెట్టాడు. అక్రెడిటేషన్ ఉన్న 686 మంది జాబితా తిరగేశాడు. ఒక్కడంటే ఒక్క దళితుడు దొరకలేదు. ముప్పయ్యేళ్ల వృత్తిలో తనకు ఒక్క దళిత సహోద్యోగి తగల్లేదన్న సంగతి ఆయనకు అప్పుడు గాని తట్టలేదు. పదేళ్ల తర్వాత, 2006లో, ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో పైస్థాయిలో ఉన్న 315 మంది లెక్క తీశారు. షెడ్యూల్డ్ కులాల, తెగలవాళ్లు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి మళ్లీ లెక్క తీశాయి. 121 నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాలవి. మనవాళ్లు మళ్లీ సున్నా. వీటిని ఎవరైనా చదివి 'దళితులకు ప్రాతినిధ్యం దక్కలేదు' అని రాస్తారు. మా మేష్టారి బడిలో ఈ వాక్యానికి మార్కులు పడవు. దక్కకపోవడం ఏమిటి? ఎవరు దక్కనివ్వలేదు? కర్త, కర్మ, క్రియల్లో వాళ్లు కర్తలూ క్రియలూ వాళ్లే ఉంచుకుని మనకి కర్మ ఒక్కటి వదిలారు. అదే మన కర్మ అని కూడా వాళ్లే చెప్పారు.

మేష్టారు బడి పనీ పత్రిక పనీ ఎందుకు కలిపి చేశాడని సభలో కొందరు ఆశ్చర్యపోయారు, రెండు పడవల మీద కాళ్లన్నట్టు. అది ఒకే పడవ. అంబేద్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పాడు, 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' తెచ్చాడు. డబ్బు కడతామన్నా 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వెయ్యలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టాడు, 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. బొజ్జా తారకం కోర్టులో వాదిస్తూనే 'నలుపు' నడిపాడు. చదవడం నేర్పినవాడే చదవడానికి ఏదో ఒకటి అచ్చు వెయ్యాల్సి వచ్చింది. ఎందుకంటే ఉన్న అచ్చులో మనం లేం. 'నలుపు' వచ్చిన రోజుల్లో మేష్టారు పది కాపీలు తెప్పించి పంచేవాడు, డబ్బులు సగంమందే ఇచ్చేవాళ్లు.

1994లో దండోరా లేచాక మాలపల్లె పిల్లలు కొందరు సాయంత్రం చదువులకు రావడం మానేశారు. ఆయన చాలా బాధపడ్డాడు. ఆ పిల్లల ఇళ్లకు పోయి పిలిచాడు. అయినా దండోరాని ఒక్కమాట అనలేదు. లెక్క అడిగితే తెగేది స్నేహం కాదురా, మొహమాటం అన్నాడు.

చుండూరు. 1991 ఆగస్టు 6. ఎనిమిదిమంది మాలల్ని నరికి గోతాల్లో కట్టి తుంగభద్ర కాలవలో పడేశారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. మేష్టారు ఆ పేపరు పల్లెలో తనే చదివాడు, పిల్లలచేత చదివించకుండా. 'పదహారేళ్లకి కర్త దొరికాడర్రా' అన్నాడు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందర్నీ వదిలేసింది. సుప్రీంకోర్టుకు పోయారు, అది వేరు. ఆ రోజుకి ఆయన రిటైరై మూడేళ్లు. చర్చి వరండాలో సాయంత్రం చదువులు నడుస్తూనే ఉన్నాయి. నేనా రోజు ఊళ్లోనే ఉన్నాను. ఆయన పిల్లలకు ఏం చెప్తాడా అని చూస్తున్నాను. ఏం చెప్పలేదు. బోర్డు మీద ఖాళీలు పూరింపుము అని రాసి, కింద ఒకే ఒక్క ప్రశ్న రాశాడు. 'చుండూరులో ఎనిమిదిమందిని ........ చంపిరి.' రాసి, సుద్దముక్క బల్లమీద పెట్టి బయటికి పోయాడు. ఐదో తరగతి పిల్ల ఒకతి చాలాసేపు ఆలోచించి, 'సార్, చాయిస్ ఇవ్వరా' అంది.

ఆయన వార్తలన్నీ ఫెయిర్ చేసింది ఆయన భార్య. మేం అత్తమ్మ అంటాం. ఆయన దస్తూరి బాగానే ఉండేది, కాని బడీ సైకిలూ అయ్యాక చేతులు వణికేవి, ఆయన చెప్తుంటే ఆమె రాసేది. చాలాసార్లు దిద్దేది కూడా. నేను డెస్కులో గుర్తుపట్టిన దస్తూరి ఆమెది. ముప్పయ్యేళ్ల ఆ పనికి ఒక్క సెంటీమీటరు కూడా ఆమె పేర లేదు. సంతాపసభలో వేదిక మీదికి పిలవలేదు. మా సంఘాలవాళ్లు మేం పెట్టుకున్న సభలోనూ శాలువా కప్పి కూర్చోబెట్టారు, మాట్లాడమనలేదు. నేనూ ఆ నిర్వాహకుల్లో ఉన్నాను.

మొన్న అత్తమ్మ ఒక రిజిస్టరు ఇచ్చింది. బడి హాజరుపట్టీ లాంటిది, లావుది. తన వార్తలు అచ్చయినవన్నీ ఆయన అందులో అంటించాడు. ప్రతిదాని మీదా డెస్కులో తీసేసిన కర్తల్ని ఎర్రసిరాతో మళ్లీ రాశాడు. పక్కన పదికి మార్కులు. డెస్కుకి వేసిన మార్కులు. అయిదు దాటినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1997 పేజీలు తిప్పుతుంటే నా చెయ్యి ఆగింది. 'టీకొట్టు వద్ద ఇరువర్గాల వివాదం.' ఇరువర్గాల మీద గీత కొట్టి రెండు కులాల పేర్లూ రాశాడు. పదికి మూడు. కింద, మా నోటుపుస్తకాల్లో రాసే మాటే: మళ్లీ రాయుము.

అందుకే ఇది రాశాను. రాసి మేష్టారి కూతురికి ఫోన్లో చదివి వినిపించాను. ఆ పిల్ల హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తోంది, అద్దె ఇల్లు. అంతా విని, ఏడ్చి, కాసేపటికి అడిగింది. 'అన్నా, నాన్న పేరూ ఊరిపేరూ తీసెయ్యన్నా. ఇంటి ఓనరమ్మకి మేం ఇంకోటి చెప్పాం. ఆమె పుస్తకాలు చదువుద్ది.'

ఆ పిల్లతో నేను వాదించలేదు. రెండేళ్లలో నాలుగిళ్లు మారింది. ఈ వ్యాసంలో మేష్టారి పేరు, ఊరి పేరు, అత్తమ్మ పేరు మొదటి ప్రతిలో ఉన్నాయి. ఎర్ర పెన్నుతో నేనే తీసేశాను. సంకలనం సంపాదకులు ఫోన్ చేసి, పేరు లేకుండా నివాళి ఏమిటన్నారు. ఓనరమ్మ కులం ఏదో చెప్పాను.